డాక్టర్ సలహా: ఇంటి వెనకే సీసం మట్టి తవ్వుతున్నారు.. నాకు నాలుగో నెల, ఇల్లు మారాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హైదరాబాద్ శివారులో పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న కాలనీ. మా వెనక వీధిలో పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డు చాలా ఏళ్లు నడిచి మూతపడింది. అందులోంచి వచ్చిన బూడిద, చిట్టెం ప్రహరీ పక్కనే గుట్టగా పోసి వదిలేశారు. ఇప్పుడు ఆ స్థలం శుభ్రం చేస్తామని జేసీబీలు పెట్టి తవ్వుతున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టిప్పర్లు తిరుగుతూనే ఉన్నాయి. నాకు నాలుగో నెల. బాబుకు రెండున్నరేళ్లు. మావారు ఆ టిప్పర్లలోనే ఒకదానికి డ్రైవర్‌గా కుదిరారు. 'ఇన్నేళ్లూ ఏమీ కాలేదు, తీసేస్తుంటే భయమెందుకు' అంటారు మా అత్తయ్య. ఇల్లు మారాలా? బాబుకు ఏ పరీక్ష చేయించాలి? బోరు నీళ్లు కాచి తాగితే సరిపోతుందా? పెరట్లో ఆకుకూరలు తినొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు. తవ్వకం ముగిసేదాకా బాబును తీసుకుని పుట్టింటికి వెళ్లే వీలుంటే వెళ్లండి. ఏడో నెల వచ్చాక, మంచిరోజు చూసుకుని అని ఆగకండి. ఇల్లు శాశ్వతంగా మారాల్సిన పని లేదు. ఆ గుట్ట పోతే మీ వీధికి మేలే. పని జరిగే ఈ కొన్ని వారాలే జాగ్రత్త. వెళ్లే వీలు లేకపోతే కంగారు పడకండి, ఇంట్లో ఉండి చేయగలిగింది చాలా ఉంది.

మీ అత్తయ్య గారి మాట చాలా ఇళ్లలో వింటుంటాను. అందులో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, సీసం చాలామంది పిల్లల్లో పైకి ఏమీ చూపించదు. అప్పుడప్పుడూ కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి లేకపోవడం, చిరాకు, రక్తహీనత కనిపించవచ్చు. వాటిని నులిపురుగులనో, దిష్టి అనో అనుకుంటాం. అసలు దెబ్బ మెదడు ఎదుగుదల మీద పడుతుంది. మాట, ఏకాగ్రత, చదువు దగ్గర అది బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. కాబట్టి 'ఏమీ కాలేదు' అన్నది రక్తపరీక్ష చేశాక చెప్పాల్సిన మాట. రెండోది, గడ్డి మొలిచి, వానకు అణిగి, కదలకుండా పడి ఉన్న గుట్ట వేరు. దాన్ని జేసీబీతో గుల్ల చేసి, ఎండబెట్టి, పైన ఏమీ కప్పకుండా టిప్పర్లో వీధుల వెంట తీసుకెళ్లడం వేరు. ఇన్నేళ్లలో ఆ గుట్ట నుంచి మీ ఇంటికి రాని దుమ్ము ఈ కొన్ని వారాల్లో రావచ్చు.

ఇది నా ఊహ కాదు. ఇంగ్లండ్‌లో కార్బీ అనే పట్టణం ఉంది. అక్కడి పెద్ద ఉక్కు కర్మాగారంలో ఉక్కు తయారీ 1980లో ఆగిపోయాక, ఆ స్థలాన్ని బాగుచేసే పని 1985 నుంచి 1997 దాకా సాగింది. విషపు బురదను లారీల్లో ఊరి రోడ్ల మీదుగా తరలించారు. బురద రోడ్ల మీద కారేది, ఎండి దుమ్ముగా లేచేది. ఆ ఏళ్లలో అక్కడి గర్భిణులకు చేతివేళ్లు, పాదాలు సరిగా ఏర్పడని పిల్లలు కొందరు పుట్టారు. తల్లులు కోర్టుకెక్కారు. పని చేయించిన స్థానిక కౌన్సిల్ నిర్లక్ష్యంగా వ్యవహరించిందని 2009లో హైకోర్టు తేల్చింది, మరుసటి ఏడాది కౌన్సిల్ ఆ కుటుంబాలతో రాజీకి వచ్చింది. శుభ్రం చేయడం తప్పని ఎవరూ అనలేదు, చేసిన తీరునే తప్పుపట్టారు. ఇది చదివి మీరు బెంబేలు పడకూడదు. అక్కడి మట్టిలో ఉన్నవి వేరే లోహాలు, రసాయనాలు కూడా. పైగా బిడ్డ చేతులు, కాళ్లు రూపం దిద్దుకునేది మొదటి రెండు నెలల్లో. మీరు ఆ దశ దాటేశారు. ఇక మీరు చూసుకోవాల్సింది సీసాన్ని. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఎక్కువైతే నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు, మెదడు ఎదుగుదలలో లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది.

మన దగ్గరా ఇది కొత్త సమస్య కాదు. హైదరాబాద్‌లోని కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ వంటివి మోతాదు మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి ఎప్పుడో చెప్పారు. అక్కడి నూర్ మహ్మద్ కుంటను బాగుచేసే పనిని ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచిన పథకంలోనూ చేర్చారు. అయినా కాలనీవాసులకు ఇలాంటి సమయంలో ఏం చేయాలో ఇంటింటికీ వచ్చి చెప్పేవాళ్లు తక్కువే.

ఇక దుమ్ము సంగతి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. జేబురుమాలు, చున్నీ సన్నటి దుమ్మును ఆపలేవు. పెద్దవాళ్లకు ఎన్‌95 మాస్కు కొంత నయం. అయితే రెండున్నరేళ్ల పిల్లాడికి సీసం ఎక్కువగా చేరేది ముక్కు నుంచి కాదు, నోటి నుంచి. నేల మీద పాకిన చేయి, ఆ చేత్తో పట్టుకున్న బిస్కెట్, కిందపడి మళ్లీ నోట్లోకి వెళ్లిన బొమ్మ.. దారి ఇదే. మింగిన సీసంలో పిల్లల ఒంటికి పట్టేది పెద్దవాళ్లతో పోలిస్తే నాలుగైదు రెట్లు ఎక్కువ. అందుకే నేల, చేతులు, చెప్పులు ఈ మూడూ మీ అదుపులో ఉండాలి. చీపురుతో పొడిగా ఊడవడం ఈ రోజుల్లో మానేయండి, అది కింద ఉన్న దుమ్మును లేపి మంచం మీద వేస్తుంది. తడిబట్టతో రోజూ తుడవండి. కిటికీ చట్రాల గాడి, గడప, కూలర్ మూలలు మర్చిపోకండి, అక్కడే పేరుకుంటుంది. తుడిచే నీళ్లు ఒక బకెట్, బట్ట జాడించే నీళ్లు ఇంకో బకెట్ పెట్టుకోండి. తుడిచిన నీళ్లు పెరట్లో మొక్కలకు పోయకండి, బాత్‌రూమ్‌లో పారబోయండి. టిప్పర్లు తిరిగే వేళ గుట్ట వైపు కిటికీలు మూసేయండి. బాబు బట్టలు దండెం మీద కాకుండా ఇంట్లోనే ఆరేయండి. తినే ముందు, పడుకునే ముందు వాడి చేతులు సబ్బుతో కడగండి. శానిటైజర్ సీసాన్ని తొలగించదు. వాడి కళ్లకు సుర్మా పెట్టే అలవాటుంటే మానేయండి, కొన్ని రకాల్లో సీసమే ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఆలోచింపజేసింది మీవారి ఉద్యోగం. గాలికి కొట్టుకొచ్చే దుమ్ము కంటే ఆయన బట్టలకు, బూట్లకు, జుట్టుకు అంటి వచ్చేదే మీ ఇంట్లో ఎక్కువ కావచ్చు. బ్యాటరీ పనివాళ్ల పిల్లల్లో సీసం ఎక్కువగా ఉండటానికి ఇదే పెద్ద కారణం. ఉద్యోగం మానేయమని నేను చెప్పను. సైటులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి. ఆ సదుపాయం కల్పించడం కాంట్రాక్టరు బాధ్యత, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అది కుదరకపోతే బయటి కుళాయి దగ్గరే బట్టలు విప్పి, తలస్నానం చేసి, ఆ తర్వాతే ఇంట్లోకి. నాన్న రాగానే బాబు పరుగెత్తుకెళ్లి కాళ్లు చుట్టుకుంటాడని నాకు తెలుసు, ఆ అయిదు నిమిషాలు వాణ్ని అత్తయ్య గారిని పట్టుకోమనండి. ఆ బట్టలు విడిగా నానబెట్టి విడిగా ఉతకాలి, ఉతికేది మీరు కాకూడదు. లుంగీ మీదో టవల్ మీదో ఆ దుమ్ము దులిపే అలవాటుంటే ఈరోజు నుంచే ఆపేయాలి. డ్యూటీలో చేతులు కడుక్కోకుండా బీడీ, గుట్కా, టీ ముట్టుకోకూడదు. టిప్పర్ అద్దాలు ఎక్కించుకుని నడపాలి.

పరీక్ష విషయానికి వస్తే, మీ ముగ్గురికీ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. 'బ్లడ్ లెడ్' అని అడగాలి. వేలికొన గుచ్చి తీసే చుక్క కంటే నరం నుంచి తీసిన రక్తం నమ్మదగినది, వేలి మీది దుమ్ము కలిస్తే లెక్క తప్పుగా వస్తుంది. చాలా ల్యాబులు శాంపిల్ వేరే చోటికి పంపుతాయి కాబట్టి రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. రక్తంలోని సీసం దాదాపు ఇటీవలి వారాల్లో ఒంట్లో చేరినదాన్నే చూపిస్తుంది. అందుకని ఇప్పుడొకసారి, తవ్వకం ముగిశాక మరోసారి చేయిస్తే పోల్చుకోవచ్చు. వాటితోపాటే హిమోగ్లోబిన్ చూడండి. వెంట్రుకలు పంపించే పరీక్షలు, 'డిటాక్స్' పొడులు, కషాయాలు కొనకండి. సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ లేదు. రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి వస్తే మూలం ఎక్కడుందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికాలో పిల్లలకు ఆ హద్దును 2021లో 3.5కు తగ్గించారు. పిల్లల్లో 45 దాటితే ఆసుపత్రిలో కీలేషన్ మందులు, అంటే సీసాన్ని పట్టుకుని ఒంట్లోంచి బయటికి పంపేవి, ఇస్తారు. ఆ మందులు మామూలు సంఖ్యలకు వాడేవి కావు, పైగా దుమ్మున్న ఇంటికే పిల్లాణ్ని తిరిగి పంపితే వాటితో ప్రయోజనం ఉండదు. నైజీరియాలోని జంఫారాలో 2010లో సీసం కలిసిన బంగారపు రాయి దంచే ఊళ్లలో సీసం వల్ల 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అక్కడ పనిచేసిన వైద్య బృందం, ముందు ఇళ్లూ వాకిళ్లూ శుభ్రం చేశాకే ఆ ఊరి పిల్లలకు పూర్తి చికిత్స మొదలుపెట్టేది.

తిండి మందులాంటిదే ఇక్కడ. ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువగా ఉంటే పేగులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. సీసం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. గర్భిణికి కాల్షియం చాలనప్పుడు ఎముకలు కరిగి కాల్షియంతోపాటు అదీ రక్తంలోకి వస్తుంది. కాబట్టి ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు డబ్బాలో దాచిపెట్టకుండా వాడండి, రెండింటి మధ్య కనీసం రెండు గంటల తేడా ఉండాలి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద ఇచ్చే భోజనం, పాలు, గుడ్డు వదులుకోకండి. బాబుకు బాలామృతం పెట్టండి. వాణ్ని ఖాళీ కడుపుతో ఆడుకోనివ్వకండి, ఖాళీ కడుపులో సీసం ఇంకా త్వరగా పడుతుంది.

బోరు నీళ్లు కాచితే క్రిములు చస్తాయి, సీసం పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్లు కాస్త పెరుగుతాయి కూడా. తాగడానికి, వంటకు మంజీరా నీళ్లో, మిషన్ భగీరథ నీళ్లో, ఏదో ఒక మున్సిపల్ సరఫరా వాడండి. బోరు నీటిని లోహాల కోసం ఒకసారి పరీక్షించమని పీసీబీని (కాలుష్య నియంత్రణ మండలిని) అడగండి.

పెరటి తోటకూర, పాలకూర, గోంగూర, కొత్తిమీర, ముల్లంగి ఇప్పుడు వద్దు. ఆకు దుమ్ము పట్టుకుంటుంది, వేరు మట్టిలోనే ఉంటుంది. మునక్కాయ, బీరకాయ బాగా కడిగి, చెక్కు తీసి వండుకోవచ్చు. మునగాకు మాత్రం మానండి.

అధికారులను, కాంట్రాక్టరును ఏం అడగాలో కూడా తెలుసుకోండి. తవ్వేచోట ఎప్పుడూ నీళ్లు చల్లుతూ ఉండాలి. టిప్పర్ మీద టార్పాలిన్ కట్టాలి. సైటు దాటేముందు చక్రాలు కడగాలి. పని ఆపిన సాయంత్రం గుట్టను కప్పాలి. చుట్టూ రేకులు బిగించాలి. గాలిలో దుమ్ము కొలిచే యంత్రం మీ ఇళ్ల వైపు ఉండాలి. ఆ మట్టి ఎక్కడికి వెళ్తోందన్నది ఇంకా ముఖ్యం. ప్రమాదకర వ్యర్థాలను మామూలు డంపింగ్ యార్డులో పోయకూడదు. మన దగ్గర దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే పరవాడలో వీటికోసం ప్రత్యేక కేంద్రాలున్నాయి. ప్రతి లోడుకూ అది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో రాసే మేనిఫెస్ట్ అనే పత్రం ఉండాలి, డ్రైవర్ కాబట్టి మీవారికి అది చేతికే రావాలి. రాకపోతే అనుమానించండి. కలుషిత స్థలాల కోసం కేంద్రం 2025లో విడిగా నిబంధనలు తెచ్చింది, కలుషితం చేసినవాళ్లే శుభ్రం చేసే ఖర్చు భరించాలన్నది వాటిలో ముఖ్యమైన అంశం. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో పది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి ఒకే అర్జీ ఇవ్వండి. ఫోన్లో తీసిన, తేదీ కనిపించే వీడియోలు జతచేయండి.

ఒక మాట కాలనీలో అందరికీ చెప్పండి. 'ట్రిప్పు మట్టి చవగ్గా ఇస్తాం, బేస్‌మెంట్ నింపుకోండి' అని ఎవరైనా వస్తే తీసుకోవద్దు. సెనెగల్ రాజధాని డాకర్ శివారులో బ్యాటరీ సీసం కలిసిన మట్టిని జనం సంచుల్లో ఇళ్లకు తెచ్చుకుని జల్లెడ పట్టారు, సీసం అమ్ముకుందామని. 2007-08లో అక్కడ 18 మంది పసిపిల్లలు పోయారు. పిల్లాడికి ఫిట్స్, ఆగని వాంతులు, మత్తుగా పడిపోవడం కనిపిస్తే నాకు రాసి ఎదురుచూడకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, సీసం మట్టి పక్కన ఉంటున్నామని డ్యూటీ డాక్టరుకు ముందే చెప్పండి.

తవ్వకం ముగిసిందన్న రోజే బాబును వాకిట్లో వదిలేయకండి. మిగిలిన మట్టిలో సీసం ఎంతుందో పీసీబీ రిపోర్టు చూపించమని అడగండి, మీ పెరటి పైమట్టిని కూడా పరీక్షించమనండి. రక్తం రిపోర్టులు వచ్చాక ఇదే శీర్షికకు మళ్లీ రాయండి. సంఖ్యతోపాటు యూనిట్ కూడా రాయడం మర్చిపోవద్దు. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు, కొన్ని లీటరుకు ఇస్తాయి, ఆ రెండింటికీ పది రెట్ల తేడా.