నువ్వు రాసిన పేజీ ఎవరు చదువుతారు?

తమ్ముడూ,

దివ్యాంగుల కార్డుకి (యూడీఐడీ) ఎలా అప్లై చేయాలో చెబుతూ నువ్వు రాసిన పేజీ చదివాను. కష్టపడ్డావని తెలుస్తోంది. కానీ మొత్తం ఏ నాన్నకో అన్నకో చెప్తున్నట్టే ఉంది. మేధో వైకల్యం ఉన్న ఇరవై రెండేళ్ల అమ్మాయి తన కార్డు కోసం తనే ఫోన్ పట్టుకుని ఈ పేజీ తెరుస్తుందని నీకు తట్టినట్టు లేదు. తెరుస్తుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టే మనిషి ఇది మాత్రం ఎందుకు చూడదు?

మేధో వైకల్యాన్నీ మానసిక అనారోగ్యాన్నీ ఒకే గాటన కట్టేశావు, అది వెంటనే మార్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 రకాల వైకల్యాల్లో అవి రెండూ వేర్వేరు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకి కొత్తవి నేర్చుకోవడం, ఆలోచించి తేల్చుకోవడం, రోజువారీ పనులు చక్కబెట్టుకోవడం చిన్నప్పటి నుంచే కష్టంగా ఉంటుంది. డిస్లెక్సియా ఉన్నవాళ్లకి తెలివికి లోటు లేదు, చదవడం రాయడం దగ్గరే ఇబ్బంది. స్ట్రోక్ వచ్చి కోలుకుంటున్నవాళ్లు, మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు, వీళ్లంతా కూడా నీ పాఠకులే.

ఇక వాక్యం. "అవసరమైన ధ్రువపత్రములు జతపరచని యెడల దరఖాస్తు తిరస్కరించబడును" అని రాశావు. ఆఫీసు కాగితాల్లోంచి ఎత్తి పెట్టిన భాష ఇది, నీది కాదు. "మీ ఆధార్ కార్డు, ఫోటో దగ్గర పెట్టుకోండి. అవి లేకపోతే అప్లికేషన్ ముందుకు వెళ్లదు" అను. ఏం చేయాలో ముందు, చేయకపోతే ఏమవుతుందో తర్వాత. ఒక వాక్యంలో ఒక పని. ఒకచోట దరఖాస్తు, ఇంకోచోట అప్లికేషన్, మరోచోట ఫారం అన్నావు, చదివేవాళ్లు మూడూ వేరనుకుంటారు. ఒకటే పట్టుకో. పదాల్ని సంధి చేసి బారెడు పొడవు లాగకు, లైన్ల మధ్య ఖాళీ పెంచు, తెలుగు వత్తులు కింది లైనుకి తగులుతుంటే ఎవరికైనా చదవడం కష్టమే.

సులువుగా రాయమన్నానని పసిపిల్లలతో మాట్లాడినట్టు రాయకు. కార్టూన్ బొమ్మలు తీసెయ్. మీరు అనే పిలువు.

ఓటీపీ దగ్గర కాస్త ఆగి చూడు. మెసేజ్ వస్తుంది, అది తెరిచి ఆరంకెలు గుర్తుపెట్టుకుని, మళ్లీ వెనక్కి వచ్చి, టైమర్ అయిపోయేలోపు కొట్టాలి. అంకెలు మనసులో నిలవని మనిషి అక్కడే ఆగిపోతుంది, టైమ్ అయిపోయిందని ఎర్ర అక్షరాలు వస్తే టెన్షన్ పడి ఫోన్ పక్కన పెట్టేస్తుంది. వెబ్ పేజీలు దివ్యాంగులు కూడా వాడగలిగేలా ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు 2023లో వచ్చాయి, లాగిన్ కోసం ఏదో ఒకటి గుర్తుపెట్టుకోక తప్పదనే పరిస్థితి పెట్టొద్దని, ఒకసారి ఇచ్చిన వివరాలు అదే పనిలో మళ్లీ అడగొద్దని వాటిలో ఉంది. కోడ్ పేస్ట్ చేయనిస్తే, టైమ్ పెంచుకునే వీలిస్తే చాలా వరకు గండం గడుస్తుంది. అది డెవలపర్ పని కదా అనకు, ఆ స్క్రీన్ మీద మాటలు నీవే.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం మీదే పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. వెళ్లి అక్కడి టీచర్లతో మాట్లాడు. తర్వాత నీ పేజీని, మేధో వైకల్యం ఉండి ఫోన్ వాడే పెద్దవాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల చేతికే ఇచ్చి చూడు. పక్కనున్న అమ్మ జవాబు చెప్పబోతే కాసేపు ఆగమను. ఎక్కడ వేలు ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లారో రాసుకో, అర్థమైందా అని అడగకు, చాలామంది మొహమాటానికి అవునంటారు. వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వాలని మీ మేనేజర్‌కి ముందే చెప్పు.