కార్టూన్లు చూస్తే పిల్లలకు నిజమేదో తెలియకుండా పోతుందా?

"మా అయిదేళ్ల బాబు కార్టూన్ బొమ్మలతో మాట్లాడుతున్నాడు, కామిక్స్ పుస్తకంలో పులికి అన్నం పెడుతున్నాడు. నిజానికీ కల్పనకీ తేడా తెలియకుండా పెరుగుతాడేమోనని టెన్షన్‌గా ఉంది, ఇవన్నీ మాన్పించాలా?" అని అడిగారు. మాన్పించక్కర్లేదు. నేను పదహారేళ్లుగా హైదరాబాద్‌లో యానిమేషన్ పని చేస్తున్నాను. ఇంట్లో ఏడేళ్ల పాప ఉంది. అయినా ఈ జవాబు నాకు ఉద్యోగం నేర్పింది కాదు, పాప నేర్పిందీ కాదు. తొమ్మిదేళ్ల వయసులో ఒక్క రాత్రిలో తెలిసింది.

మాది ధర్మవరం వైపు ఒక చిన్న పల్లె. అప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. 1986లో ఆషాఢం సగమైపోయినా చినుకు లేదు. మా వైపు వాన రాకపోతే విరాటపర్వం పెట్టిస్తారు. కొన్ని ఊళ్లలో చదివిస్తారు, కొన్ని ఊళ్లలో తోలుబొమ్మలాట ఆడిస్తారు. మా ఊళ్లో ఇంటింటికీ తిరిగి గింజలు, డబ్బులు పోగేసి బొమ్మలాట వాళ్లను పిలిపించారు. రామాలయం ముందర రెండు తెల్ల పంచెలు కలిపి తెర కట్టారు. తెర కింది భాగాన్ని నల్ల కంబళితో మూసేశారు. రాత్రి భోజనాలయ్యాక ఊరంతా చాపలు, దుప్పట్లు తెచ్చుకుని కూర్చుంది. నేను మా అవ్వ పక్కన.

వినాయకుడి బొమ్మ వచ్చింది, పోయింది. ద్రౌపది వచ్చింది. ఆమె ఒంటి మీద నగలు ఎంత మెరిశాయంటే, మా ఊళ్లో ఏ పెళ్లిలోనూ అంత బంగారం చూడలేదు. కీచకుడు వచ్చాడు, నా కంటే పొడుగున్నాడు. వాడు మీసం దువ్వి నడుస్తుంటే దబదబమని నేల అదిరేది.

ఒంటికి వెళ్లాలని లేచి గుడి వెనక్కి పోయాను. తిరిగి వస్తుంటే తెర వెనక భాగం కనపడింది. అక్కడ ఒక ముసలాయన, ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక చంటిబిడ్డ. తెర ముందుకు తెలుగు పద్యం వినిపిస్తోంది, వెనక మాత్రం వాళ్లలో వాళ్లు మరాఠీలో గుసగుసలాడుకుంటున్నారు. ఆ కుటుంబాల ఇంటి భాష అదేనని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ద్రౌపది గొంతు వాళ్లలో ఒకావిడది. బుగ్గలో ఆకు వక్క ఒత్తుకుని, బిడ్డకు పాలిస్తూనే పద్యం అందుకుంటోంది. నేల అదిరిన చప్పుడు కాళ్ల కింద పెట్టుకున్న చెక్కపలకలది. ఆడనప్పుడు బొమ్మలను తెరకు ముళ్లతో గుచ్చి నిలబెట్టారు.

కీచకుడు చాప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నేను కొయ్యబారిపోయి చూస్తుంటే ముసలాయన "రా అబ్బీ, పట్టుకో సూడు" అని బొమ్మను నా చేతికిచ్చాడు. మేక తోలు. అప్పడంలా బిగుసుకుని ఉంది, కొంచెం నూనె వాసన. మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర, నడుం దగ్గర దారంతో ముడి. రెండు వైపులా రంగు. పక్కన ద్రౌపది బొమ్మ ఉంటే ఆ బంగారమంతా ఏమైందా అని వంగి చూశాను. నగలు లేవు. అన్నీ చిల్లులు. హారం ఒక చిల్లుల వరస, వడ్డాణం ఇంకో చిల్లుల వరస. వెనక నుంచి వెలుతురు వచ్చినప్పుడే అవి నగలు.

"వీడు ఇంగ కొంచెం సేపట్లో సస్తాడు, పో, ముందర కూసోని సూడు" అన్నాడు ఆయన.

పోయి మళ్లీ అవ్వ పక్కన కూర్చున్నాను. ఇంకో ఊళ్లో అయితే ఆట అలాగే సాగిపోయేదేమో. మా ఊళ్లో కరెంటు పోయింది. బల్బు ఆరిపోయింది, జనం కేకలు. వెనక ఎవరో లాంతర్లు వెలిగించారు. గాలికి మంట ఊగుతుంటే బొమ్మలు ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాయి. బల్బు వెలుతురులో కదలకుండా నిలబడిన ధర్మరాజు ఇప్పుడు ఛాతీ ఎగరేస్తున్నాడు. నర్తనశాలలో చీర కట్టుకున్న భీముడు లేచాడు. కీచకుడిని పట్టి చేతులు విరిచాడు, కాళ్లు మడిచాడు, నడుం మడిచాడు, కొట్టి కొట్టి మాంసపు ముద్ద చేశాడు. చెక్కపలకల మీద కాళ్లు దబదబలాడుతున్నాయి.

ఆ మడతలు ఎక్కడ పడతాయో నాకు తెలుసు. ఆ ముళ్లు, ఆ దారాలు, ఆ నూనె వాసన తెలుసు. పావుగంట క్రితం ఆ కీచకుడు నా చేతుల్లో ఉన్నాడు. అయినా ఒళ్లంతా చెమట పట్టి అవ్వ కొంగులో ముఖం దాచుకున్నాను. అదే సమయంలో బుర్రలో ఒక మూల "ఇప్పుడు మోకాలి ముడి తిప్పినాడు" అనుకుంటున్నాను కూడా. ఏ ఒక్కటీ రెండో దాన్ని చెరపలేదు. మీ బాబు పులికి అన్నం పెడుతున్నప్పుడు వాడి బుర్రలో జరిగేది ఇదే. పేజీకి మెతుకులు అంటుకుంటే తుడుస్తున్నాడా లేదా చూడండి. తుడుస్తున్నాడంటే వాడికి అది కాగితమనీ తెలుసు, పులి అనీ తెలుసు.

ఆ రాత్రి ఇంకో సంగతి జరిగింది. చెప్పకుండా ఉండలేను. కథ మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు కదా, నవ్వించే జంట. వాళ్లకు భారతంతో సంబంధం లేదు. వాళ్లు ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి మనుషులే. ఆ రాత్రి బంగారక్క ఖాళీ బిందెతో వచ్చింది. "నీళ్లేవే?" అన్నాడు పోలిగాడు. "బోరింగు చెడిపోయి మూడు నెలలాయె, ఏడ తెచ్చేది?" అంది. "ప్రెసిడెంటును అడగకపోయినావా?" "అడిగితే, విరాటరాజు కొలువు ముగిసినాక సూస్తాలే అన్నాడు!" ప్రెసిడెంటు ముందు వరసలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఊరు ఊరంతా ఆయన వైపు తిరిగి నవ్వింది. ఆయనా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు. పది రోజులు తిరగకముందే ధర్మవరం నుంచి మెకానిక్ వచ్చి బోరింగు బాగుచేశాడు. మూడు నెలల పాటు మా నాయనా వాళ్లూ ఇచ్చిన అర్జీలు చేయలేని పని ఒక తోలుబొమ్మ చేసింది. వాన మాత్రం శ్రావణం చివరకు గానీ రాలేదు.

అందుకే ఎవరైనా "కల్పన నిజంలోకి చొరబడుతోంది" అని భయపడుతుంటే నాకు బాధగా ఉంటుంది. చొరబడాలి. మన వైపు అది ఎప్పుడూ చొరబడుతూనే ఉంది. కడుతున్న ప్రతి ఇంటికీ దిష్టిబొమ్మ వేలాడదీస్తాం, గుడ్లురిమి నాలుక బయటపెట్టిన రాక్షసి ముఖం. ఇంజనీరు లెక్కలు వేసిన పిల్లరుకు దాన్ని కట్టేది ఎవరు? పెద్దవాళ్లమే. మా ఇంటికీ కట్టాం, తప్పని అనడం లేదు. గీసిన ముఖానికి ఒక బలం ఉంటుందని మనం నమ్ముతూ, అదే నమ్మకం పిల్లల్లో కనిపిస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తడం సరికాదంటున్నాను. చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మ, భుజాన శవంతో కత్తి పట్టుకుని నడిచేది, రాత్రిపూట ఆ పేజీ పైకి ఉంటే నేను దాని మీద పలక బోర్లించి పడుకునేవాడిని. ఆ బొమ్మ వల్ల నాకే నష్టమూ జరగలేదు. ఆ గీతలు చూసి చూసి పెన్సిల్ పట్టాను.

ఈ మాట అనగానే కొందరు జపాన్ సంగతి ఎత్తుతారు. 1997 డిసెంబర్ 16న పోకెమాన్ ఎపిసోడ్ ఒకటి చూసి 685 మంది పిల్లలు ఆసుపత్రులకు చేరారు. నిజమే. కానీ అది కథ చేసిన పని కాదు, వెలుతురు చేసిన పని. ఎరుపు, నీలం రంగులు సెకనుకు దాదాపు 12 సార్లు మార్చి మార్చి కొట్టాయి, దానికి కొందరికి ఫిట్స్ వచ్చాయి. ఆ సీరియల్‌ను నాలుగు నెలలు ఆపేశారు. ఆ తర్వాత అక్కడి టీవీ కార్టూన్ల మొదట్లో "గదిలో వెలుతురు ఉంచుకోండి, తెరకు దూరంగా కూర్చోండి" అని రాయడం అలవాటైంది. మన దగ్గర అదే ఏడాది దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైంది. పిల్లలు అనుకరించి దెబ్బలు తగిలించుకుంటున్నారన్న వార్తలు వచ్చినప్పుడు ఆ పాత్ర వేసిన ముకేశ్ ఖన్నా తెర మీదకు వచ్చి అలా చేయవద్దని పిల్లలకు నేరుగా చెప్పాడు. నా దృష్టిలో అదే సరైన పద్ధతి. ముసలాయన కీచకుడిని నా చేతికివ్వడం లాంటిదే అది.

పిల్లలను నిజంగా గందరగోళంలో పడేసేది ఏమిటో మా ఇంట్లో చూశాను. పాపకు మూడేళ్లప్పుడు టీకా కోసం ఒక పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లాం. గోడలన్నీ బొమ్మలు, తలుపు మీద పెద్ద గోధుమరంగు ఎలుగుబంటి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అక్కడి నర్సు "ఎలుగుబంటి మామ నీకు ముద్దు పెడతాడు, కళ్లు మూసుకో" అంది. పాప నమ్మి కళ్లు మూసుకుంది, నవ్వుతూ చేయి చాపింది. సూది దిగింది. ఇంటికొచ్చాక తన మంచం మీదున్న ఎలుగుబంటి బొమ్మను బాల్కనీలో పెట్టి తలుపు వేసేసింది. దాదాపు ఏడాది దాన్ని ముట్టలేదు. అందరూ "బొమ్మలంటే భయపడుతోంది" అన్నారు. బొమ్మ దేనికి బాధ్యురాలు? బొమ్మ పేరు చెప్పి అబద్ధమాడింది మనిషి. ఆ పక్కన నిలబడి నోరు మెదపనిది నేను, ఇప్పటికీ అది నన్ను పట్టుకుని ఉంది. రెండో డోసుకు వెళ్లే ముందు ఇంట్లో సూది లేని సిరంజీ ఇచ్చి నీళ్లు నింపించాను, గుచ్చితే చీమ కుట్టినంత నొప్పి ఉంటుందని చెప్పాను. ఏడ్చింది, కానీ చేయి తనే చాపింది.

నా పనిలోనూ ఇదే గొడవ. బొమ్మ లోపల ఎముకలు పెట్టి ఎక్కడ వంగాలో నిర్ణయించడాన్ని రిగ్గింగ్ అంటాం. నేను మొట్టమొదటి రిగ్ చూసింది కీచకుడి మోకాలి దగ్గరే. పాత్ర ఏమీ చేయకుండా నిలబడినా దాన్ని పూర్తిగా ఆపేయం, కనీకనపడకుండా కదిలిస్తూ ఉంటాం. దాన్ని మూవింగ్ హోల్డ్ అంటారు. ఆపేస్తే శవంలా ఉంటుంది. ఆ రాత్రి లాంతరు మంట చేసిందీ ఈ కదిలించే పనే. ఇవన్నీ చూపిస్తే పిల్లలు ఎంత ఆశగా చూస్తారో! కానీ మాకొచ్చే పనిలో ఎక్కువ భాగం "ఇంకా నిజంలా ఉండాలి, చర్మం మీద రంధ్రాలు కూడా కనపడాలి" అనే ఉంటుంది. పసిపిల్లల పాటల వీడియోలైతే మరీ ఘోరం. ఒక దృశ్యం కుదురుకునేలోపే ఇంకో దృశ్యం, ఒక పాట ముగిసేలోపే ఇంకో పాట. ముద్ద నోట్లో పెట్టడానికి ఫోన్ ముందు పెట్టే తల్లిదండ్రుల కోసం తయారయ్యే సరుకు అది. అందులో తెర వెనక్కి వెళ్లి రావడానికి పిల్లలకు ఒక్క క్షణం కూడా దొరకదు. మాన్పించాల్సింది ఏదైనా ఉంటే దాన్ని మాన్పించండి. కామిక్స్ పుస్తకంలో అయితే పిల్లవాడు పేజీ తిప్పితేనే కథ కదులుతుంది. మీ బాబు చేతిలోంచి అది లాక్కోవద్దు.

వాడికి తెర వెనక చూపించండి. పాత నోట్‌బుక్ మూల మీద పేజీకొక బొమ్మ చొప్పున ఎగిరే బంతిని గీయించి, బొటనవేలితో పేజీలు జారవిడవమనండి. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి ముందు చేతులతో కుక్కను, కుందేలును చేయించండి. ఒక్కసారి తన చేత్తో బొమ్మను బతికించిన పిల్లలు పెద్దయ్యాక ఎవరి మాటలకూ తేలిగ్గా మోసపోరని నా గట్టి నమ్మకం.

మూడేళ్ల క్రితం పాపను నిమ్మలకుంట తీసుకెళ్లాను. మా ఊరికి దగ్గరే. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు అది. ఇప్పుడు అక్కడ రాత్రంతా ఆట ఆడించే పిలుపులు తక్కువ, తోలుతో లాంప్‌షేడ్లు చేసి అమ్ముతున్నారు. కుటుంబాలు బతకాలి కాబట్టి వాళ్లను ఏమీ అనలేను. కానీ ఊళ్లు ఆటను పిలవడం మానేశాయే అని గుండె బరువెక్కింది. మేమూ ఒకటి కొన్నాం, దాని మీద బిందె పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. మా పాప దాన్ని బంగారక్క అనే పిలుస్తుంది.

మొన్న దాంట్లో బల్బు మాడిపోతే షాపుకు బయల్దేరాను. పాప గుమ్మం దాకా వచ్చి "నాన్నా, తక్కువ వాట్లది తీసుకురా. ఎక్కువైతే తోలు వేడెక్కి ముడుచుకుపోతుంది" అంది. సరే అని మెట్లు దిగుతుంటే మళ్లీ పిలిచి, "బంగారక్కకు కూడా నొప్పి పుడుతుంది కదా" అంది.