అత్తగారికి లిల్లీలు కావాలి, అమ్మకు ఆ వాసన పడదు

ప్రశ్న: వచ్చే నెలలో నా పెళ్లి. హాలంతా ఓరియంటల్ లిల్లీలతో నింపాలని కాబోయే అత్తగారి కోరిక. పూల ఖర్చు కూడా ఆవిడే పెట్టుకుంటానన్నారు. మా అమ్మకు ఆస్తమా. ఘాటు వాసన తగిలితే దగ్గు మొదలై ఆయాసం వచ్చేస్తుంది. 'ఒక్క రోజే కదా, సర్దుకుంటాను, ఆవిడతో మాత్రం అనొద్దు' అంటోంది. ఆయనకు చెబితే 'మీరూ మీరూ చూసుకోండి' అంటున్నారు. నాకేమో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది లిల్లీలు కాదు, అమ్మగారు అన్న 'అనొద్దు' అనే మాట. కొత్త చుట్టాల ముందు జబ్బుమనిషిలా కనిపించడం ఆవిడకు ఇష్టం లేనట్టుంది. ఆ బిడియాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆవిడకు తెలియకుండా అత్తగారితో చెప్పేస్తే పూల సమస్య తీరినా అమ్మ మనసు నొచ్చుకుంటుంది. ముందు కూర్చుని ఆవిడతోనే తేల్చుకోండి. 'ఎంతవరకు చెప్పమంటావో నువ్వే చెప్పు. ఆస్తమా అనను, ఘాటు వాసన పడదు అంటాను, సరేనా?' అని అడగండి.

'సర్దుకుంటాను' అంటే మాత్రం ఒప్పుకోవద్దు. తలుపులు మూసిన ఏసీ హాల్లో, పూలకు మూరెడు దూరంలో గంటల తరబడి కూర్చోవడం సర్దుకునే విషయం కాదు. ఒకసారి వాళ్ల డాక్టర్‌తోనూ మాట్లాడించండి.

ఇక మీ కాబోయే ఆయన. వాళ్లమ్మతో ఈ మాట చెప్పాల్సింది ఆయనే. మీరు చెబితే కోడలు అడ్డు చెప్పినట్టుంటుంది, కొడుకు చెబితే ఇంట్లో మాటగా పోతుంది. ఆయన్ని గొడవకు దిగమనక్కర్లేదు. 'లిల్లీలే పెడదాం అమ్మా, వాసన లేని రకం పెడదాం' అంటే చాలు. ఖర్చు ఆవిడది కాబట్టి నోరు రావడం లేదని మీ ఇబ్బంది. అలాగని 'పూల డబ్బు మేమే ఇచ్చేస్తాం' అనకండి. చిన్న మాట పట్టింపుకు దారితీస్తుంది.

వాసన లేని లిల్లీలు నిజంగానే ఉన్నాయి. ఓరియంటల్ రకాలకు ఘాటు ఎక్కువ. ఏషియాటిక్ లిల్లీలు చూడ్డానికి అంతే నిండుగా ఉంటాయి, వాసన దాదాపు ఉండదు. పువ్వు కొంచెం చిన్నది, రంగులు మాత్రం బోలెడు. అలంకరణ చేసేవాళ్లు 'పుప్పొడి తీసేస్తాం, ఏ ఇబ్బందీ ఉండదు' అనొచ్చు. పువ్వు మధ్యలో ఊగే ఆ గోధుమరంగు పుప్పొడి తిత్తులు తీసేస్తే బట్టలకు మరకలు అంటవు, అంతవరకే. వాసన ఎక్కువగా రేకుల నుంచి వస్తుంది కాబట్టి అది అలాగే ఉంటుంది. ముందుగా నాలుగు కాడలు మొగ్గలుగా తెప్పించి మీ గదిలో పెట్టుకోండి. విచ్చుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పూర్తిగా విచ్చాక మీరే వాసన చూసి, అప్పుడు ఆర్డర్ ఇవ్వండి. (ఆ గదిలో పండ్ల బుట్ట ఉంచకండి. మాగిన పండ్ల నుంచి వచ్చే వాయువుకు పూలు త్వరగా పాడవుతాయి.) లోటు అనిపిస్తే ఆర్కిడ్లు, జెర్బెరాలు కలపొచ్చు. వీటిలో చాలా రకాలకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు.

అత్తగారు ఓరియంటల్ లిల్లీలే కావాలని పట్టుబడితే ఆరుబయట, ప్రవేశద్వారం దగ్గర పెట్టించండి. అమ్మ అక్కడ నిలబడాల్సిన పని లేకుండా చూసుకోండి. అత్తగారి ముచ్చటా తీరుతుంది, వచ్చేవాళ్లు ముందు చూసేదీ అవే. రెండు రోజులు ముభావంగా ఉంటే ఉండనివ్వండి, అంతకంటే మీరు చేయగలిగింది లేదు.

పూలు కుదిరాయి కదా అని అక్కడితో వదిలేయకండి. హాల్లో సెంటు, రూమ్ స్ప్రే, వాసన కొవ్వొత్తులు వద్దని అలంకరణవాళ్లకు విడిగా చెప్పాలి. అవి ఎవరూ అడగకుండానే వచ్చేస్తాయి. అమ్మ ఇన్‌హేలర్ మీ దగ్గర పెట్టుకోకండి, ఆ రోజు మీ చేతులు ఖాళీ ఉండవు. ఆవిడ పక్కనే ఉండే పిన్నికో చెల్లెలికో ఇవ్వండి. ఎన్ని డోసులు మిగిలాయో, గడువు తేదీ దాటిందో లేదో ముందు రోజే చూడండి.