ఒక్క ఫ్రేములో రాట్నం, మగ్గం: మొదటి స్టాంపుల ప్రదర్శనకు పెదనాన్న ఉత్తరం

అమ్మలూ, ఆశీస్సులు.

నువ్వు పంపిన పేజీల ఫోటోలు చూశాను. స్టాంపులు బాగున్నాయి కానీ ఎగ్జిబిట్ ఇంకా తయారవలేదు. 'భారతదేశ వస్త్రాలు' అని పేరు పెట్టి పత్తి చేను, పట్టుపురుగు, మిల్లు, చీరల దుకాణం అన్నీ కుక్కేశావు. ఒక ఫ్రేమంటే పదహారు ఏ4 పేజీలు, నాలుగు వరసల్లో నాలుగేసి. వన్ ఫ్రేమ్ తరగతిలో జ్యూరీ ముందు చూసేది ఆ విషయం ఒక ఫ్రేముకు సహజంగా సరిపోయేదేనా అని. ఎనిమిది ఫ్రేముల సరుకును నలిపి ఒకదాంట్లో పెడితే ఇట్టే తెలిసిపోతుంది. చేను తీసెయ్, దుకాణం తీసెయ్. రాట్నం దగ్గర మొదలుపెట్టి రంగుల అద్దకం దగ్గర ఆపు. పేరు 'రాట్నం నుంచి మగ్గానికి' అని ఉంటే చాలు.

ఒక్క ఫ్రేమైనా, నీది థీమాటిక్ తరగతి. ట్రెడిషనల్ తరగతిలో స్టాంపే కథానాయకుడు: ఎలా అచ్చయింది, ఏ ప్లేటు, ఏ కాగితం అన్నది చూస్తారు. పోస్టల్ హిస్టరీలో ఉత్తరం ఏ దారిన వెళ్లింది, ఎంత రుసుము కట్టారు అన్నది ముఖ్యం. థీమాటిక్‌లో కథ నీది, దాన్ని తపాలా సామగ్రితో చెప్పాలి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్.ఐ.పి. లెక్కలో నూటికి 35 మార్కులు ట్రీట్‌మెంట్‌కే పోతాయి: పేరు, ప్లాన్ కలిపి 15, కథ నడిపిన తీరుకు 15, కొత్తదనానికి 5. పరిజ్ఞానానికి 30, అందులో సగం విషయం గురించి, సగం స్టాంపుల గురించి. కండిషన్‌కు 10, అరుదుదనానికి 20. నువ్వు వారం రోజులు కూర్చుని గీసిన రంగుల అంచులకు, అంటే ప్రెజెంటేషన్‌కు, మొత్తం 5. అంచులు చెరిపెయ్. మీ పోటీ ప్రాస్పెక్టస్‌లో లెక్క కొంచెం వేరుగా ఉండొచ్చు. ఫారం నింపేముందు అది ఒకసారి పూర్తిగా చదువు.

మొదటి పేజీ ప్లాన్ పేజీ. అందులో అధ్యాయాలు, ఒక్కోదానికి పేజీల సంఖ్య రాయాలి. నాకు తోచిన లెక్క ఇది: ప్లాన్ 1, రాట్నం 4, పడుగు పేక 3, మగ్గం 5, రంగులు 3. అధ్యాయాల పేర్లు చదువుతుంటేనే కథ తెలియాలి. 'ఇతరాలు' అనే అధ్యాయం పెట్టావంటే ప్లాన్ లేదని నువ్వే ఒప్పుకున్నట్టు.

ఇక సరుకు. మీ స్నేహితురాలి తాతగారు 1948 నాటి గాంధీ పది రూపాయల స్టాంపు అరువిస్తానన్నారని రాశావు. వద్దు. అది స్విట్జర్లాండ్‌లో కూర్వాసియే వాళ్లు అచ్చేసిన ఖరీదైన స్టాంపే, కానీ దానిమీద ఉన్నది గాంధీగారి ముఖం, రాట్నం కాదు. అదీగాక ప్రదర్శనలో పెట్టేది నీ సొంత సేకరణ అయి ఉండాలి, అరువు సొమ్ము కాదు. నీకు కావలసింది 1969 శతజయంతి వరసలోని అయిదు రూపాయలది. అందులో ఆయన రాట్నం దగ్గర ఉన్నారు.

1955 జనవరి 26న వచ్చిన పంచవర్ష ప్రణాళిక వరస నీకు బంగారం లాంటిది. రెండణాలది నూలు వడికే స్త్రీ, మూడణాలది చేతిమగ్గం మీద నేసే స్త్రీ, ఆరు పైలది (అంటే అర్ధణాది) మరమగ్గం. నువ్వు ఈ మూడింటినీ మూడు పేజీల్లో చెల్లాచెదురు చేశావు. మూడణాలది, ఆరు పైలది ఒకే పేజీలో పక్కపక్కన పెట్టు. ఒకే ప్రభుత్వం ఒకే రోజున చేతిమగ్గాన్నీ మరమగ్గాన్నీ కూడా ప్రగతి కింద చూపింది. ఆ మాట పేజీలో పడితే అక్కడ కథ కదులుతుంది. 1979లో మొదలైన వ్యవసాయ వరసలో రెండు రూపాయల నేత స్టాంపు ఉంది, అదీ మగ్గం అధ్యాయానికే. 2009 వస్త్రాల వరసలోని కలంకారీని మాత్రం మగ్గం పేజీలోంచి తీసి రంగుల్లోకి మార్చు. కలంకారీ నేత కాదు, నేసిన బట్టమీద కలంతోనో అచ్చుతోనో చేసే పని. జ్యూరీలో పెడన, శ్రీకాళహస్తి తెలిసినవాళ్లు ఒక్కరున్నా నవ్వుతారు. ఢిల్లీలో జరిగిన ఇండిపెక్స్ స్టాంపుల ప్రదర్శన సందర్భంగా 2011లో వచ్చిన వంద రూపాయల ఖాదీ స్టాంపును కాగితం మీద కాక ఖద్దరు మీదే అచ్చేశారు. నీ కథకు అంతకంటే మంచి ముగింపు స్టాంపు లేదు. రంగుల అధ్యాయం చివరి పేజీలో అదొక్కటే ఉండనీ. దాన్ని నీళ్లలో మాత్రం ముంచకు.

అన్నీ మింట్ స్టాంపులే, అంటే వాడనివే, అయితే పేజీ చప్పగా ఉంటుంది. తపాలాలో పుట్టినవి రకరకాలుగా చూపించాలి: ముద్రిత స్టాంపున్న కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు, నినాదం ఉన్న రద్దు ముద్రలు, బట్టల మిల్లుల మీటర్ ముద్రలు (స్టాంపు బదులు యంత్రంతో వేసేవి), నిజంగా టపాలో తిరిగిన కవర్లు. చిరునామా వైపు ప్రకటనతో వచ్చిన మేఘదూత్ కార్డులు వెతుకు, చేనేత ప్రకటన దొరికితే అదృష్టమే. ఫస్ట్ డే కవర్, అంటే స్టాంపు విడుదలైన రోజే ముద్ర కొట్టిన కవరు, గురించి ఒక హెచ్చరిక. ఎడమవైపు బొమ్మను కాషే అంటారు, దానికి ఇక్కడ విలువ లేదు. స్టాంపు, రద్దు ముద్ర మాత్రమే లెక్క. బొమ్మలో మగ్గం ఉండి స్టాంపులోనూ ముద్రలోనూ లేకపోతే ఆ కవరు నీ ఫ్రేముకు పనికిరాదు. ఒక ఫ్రేములో రెండు మూడుకు మించి ఫస్ట్ డే కవర్లు పెట్టకు. ఆల్బమ్ నింపుకోవడానికి సులువుగా దొరుకుతాయి కాబట్టి పెట్టారనిపిస్తుంది. టపాలో తిరక్కుండానే సేకర్తల కోసం ముందే ముద్ర కొట్టి అమ్మినవాటిని సీటీవో (క్యాన్సెల్డ్ టు ఆర్డర్) అంటారు. ముద్ర మూలకు నీటుగా ఉండి వెనక గమ్ చెక్కుచెదరకుండా ఉంటే అనుమానించు. అజ్మాన్ లాంటి గల్ఫ్ చిన్న రాజ్యాల పేరుమీద అరవైల చివర్లో గుట్టలుగా వచ్చిన రంగుల స్టాంపులు కూడా వద్దు.

రాత రెండు రకాలుగా ఉండాలి, రెండు వేరు అక్షరాల్లో. నీ పేజీలో 'చేనేత స్టాంపు, 1955, 3 అణాలు' అని ఉంది. అది ఆల్బమ్ చీటీ. ఇలా రాయి: 'పడుగు మగ్గానికి బిగుతుగా ఉంటుంది, నాడె పేకను దాని మధ్యలోంచి అటూ ఇటూ మోస్తుంది.' కథ చెప్పే మాట అది. కింద చిన్న అక్షరాల్లో: 'నాసిక్ సెక్యూరిటీ ప్రెస్, ఫోటోగ్రావ్యూర్, బహుళ నక్షత్రాల వాటర్‌మార్క్.' అది స్టాంపుల మాట: ఎక్కడ, ఏ అచ్చు పద్ధతిలో, కాగితంలోనే దాగిన ఏ గుర్తుతో వచ్చిందన్నది. ప్రతి స్టాంపుకూ వాటర్‌మార్క్ రాయనక్కర్లేదు, చెప్పదగింది ఉన్నచోటే రాయి.

రాసే ముందు కొలవాలి. పర్ఫొరేషన్ అంటే స్టాంపు అంచున రెండు సెంటీమీటర్లలో ఎన్ని రంధ్రాలని. గేజ్ మీద స్టాంపు పెట్టి జరుపు, ఒక్క రంధ్రం కూడా పక్కకు తప్పకుండా అన్నీ గీతల మీద పడినచోట అంకె చూడు. 14 × 14½ అని రాస్తే మొదటిది పైకిందుల అంచు, రెండోది పక్క అంచు. పర్ఫొరేషన్ లేని స్టాంపు అమ్మజూపితే ఒంటరిదాన్ని కొనకు, జంటగా ఉంటేనే కొను. ఒంటరి స్టాంపుకు కత్తెర పెడితే ఎవరైనా ఇంపెర్ఫ్ చేయగలరు. వాటర్‌మార్క్‌కు ముందు స్టాంపును నల్లటి పలక మీద బోర్లా పెట్టి వాలుగా వెలుతురులో చూడు. కనిపించకపోతేనే వాటర్‌మార్క్ ద్రవం వాడు. లైటర్ పెట్రోల్ వద్దు, ఫోటోగ్రావ్యూర్ రంగుల్ని కొన్నిసార్లు కరిగించేస్తుంది, పైగా మంట అంటుకుంటుంది.

కండిషన్ విషయంలో నిర్దాక్షిణ్యంగా ఉండు. నీ రెండణాల స్టాంపుకు కుడి కింది మూల పన్ను (అంచు రంధ్రాల మధ్య మొన) విరిగింది, మార్చు. ఇలాంటి సాధారణ స్టాంపుకు లోపం ఉంటే జ్యూరీ క్షమించదు, అరుదైనదానికైతే కాస్త చూసీచూడనట్టు పోతుంది. గోధుమరంగు మచ్చలు పడ్డవి వద్దు. అవి మన తేమ పుణ్యమా అని గమ్‌లోంచి బయలుదేరి పక్క స్టాంపుకూ అంటుతాయి. గమ్ మీద హింజ్ (ఆల్బమ్‌లో అంటించే చిన్న కాగితపు పట్టీ) మచ్చ ఉన్నా 'మింట్' అనొచ్చు, 'నెవర్ హింజ్డ్' అనకూడదు. కవరు ముక్క నుంచి స్టాంపు విడదీయాలంటే గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచు, తానే జారి వస్తుంది, లాగకు. రంగు కవరైతే వేరే గిన్నెలో వెయ్, రంగు దిగి మిగతావాటికి పడుతుంది.

అతికించడానికి స్టాంపులకు మౌంట్లు (స్టాంపు దూర్చే పారదర్శక తొడుగులు), కవర్లకు మూల పట్టీలు. సెలోటేప్, ఫెవికాల్, లామినేషన్ దగ్గరికి రానివ్వకు. పీవీసీ తొడుగులు స్టాంపును పాడుచేస్తాయి, పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ అని అడిగి కొను. కవరు వెనక ముద్ర చూపాలంటే ఫోటోకాపీ పెట్టొచ్చు, కానీ అసలు సైజు కంటే కనీసం పాతిక శాతం చిన్నదో పెద్దదో చేసి, నకలు అని రాయాలి. సైజు అదే ఉంచితే అసలుదని నమ్మించినట్టవుతుంది.

పేజీ నంబర్లు ప్రతి తొడుగు వెనక కింది మూలన వెయ్. ఫ్రేములో పెట్టేది నువ్వు కాదు, వాలంటీర్లు. ముందు ప్లాన్ పేజీ, మగ్గం అధ్యాయంలో మొదటి పేజీ, ఈ రెండూ తిరగరాసి ఈ నెలాఖరులోగా పంపు. మిగతా పద్నాలుగు అవి కుదిరాక చూద్దాం.

ఇట్లు,
నీ పెదనాన్న