సగం దాటాక కీచు ఎందుకొస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, మా పాపకు తొమ్మిదేళ్ళు. క్లారినెట్ మొదలుపెట్టి రెండు నెలలైంది. రోజూ అరగంట సాధన చేయాలని క్లాసులో చెప్పారు. ఫోన్‌లో టైమర్ పెట్టి కూర్చోబెడుతున్నాను. మొదట బాగానే వాయిస్తుంది, సగం దాటేసరికి అన్నీ కీచుశబ్దాలే. సరిగ్గా ఊదమంటే ఏడుపు. ఇప్పుడు పెట్టె తీయమంటేనే కడుపునొప్పి అంటోంది. నాకు సంగీతం రాదు. మాన్పించేయమంటారా?
– ఒక తల్లి

జవాబు: పాపను మాన్పించొద్దమ్మా, టైమర్ మానేస్తే చాలు.

‘సగం దాటేసరికి’ అని రాశారు చూడండి, అక్కడే సంగతి అర్థమైంది. క్లారినెట్ ఊదాలంటే కింది పెదవిని కింది పళ్ళ మీదికి కాస్త మడిచి, దాని మీద రీడ్, అంటే ఊదినప్పుడు అదిరి శబ్దం పుట్టించే పలచటి రెల్లు బద్ద, ఆనించాలి. పై పళ్ళు మౌత్‌పీస్ (రీడ్ బిగించి ఉండే, నోట్లో పెట్టుకునే ముక్క) మీద పెట్టి, పెదవులు చుట్టూ బిగించాలి. అలా బిగించి ఉంచడం పాప మూతి కండరాలకు కొత్త. పది నిమిషాలు తిరక్కుండానే అలిసిపోతాయి. పెదవి పట్టు సడలగానే పాప తనకు తెలియకుండానే దవడతో కొరకడం మొదలుపెడుతుంది. కదలాల్సిన రీడ్ నొక్కుకుపోయి కీచుమంటుంది, లేదంటే ఉత్త గాలే వస్తుంది. అంటే మీ అరగంటలో రెండో సగమంతా పాప కొరకడమే సాధన చేస్తోందన్నమాట. అలవాటయ్యేది కూడా అదే.

ఈ మాట నాకూ ఆలస్యంగానే తెలిసింది. నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో పిల్లల్ని ఏకబిగిన నలభై నిమిషాలు ఊదించేవాణ్ణి. ఒకరోజు ఓ కుర్రాడు కింది పెదవి లోపలివైపు తిప్పి చూపించాడు. పళ్ళ గాట్లు వరసగా పడి ఉన్నాయి. చాలా సిగ్గేసింది.

అందుకని పొద్దున 8 నిమిషాలు, సాయంత్రం 8 నిమిషాలు ఊదనివ్వండి. నెల పోయాక 10 చేయండి. మధ్యలో కీచుశబ్దాలు వరసగా వస్తే పెదవి అలిసిందని లెక్క, పక్కన పెట్టించేయండి. మిగతా టైములో పాఠం నోటితో పాడటం, ఊదకుండా వేళ్ళు మాత్రం కదపడం చేయొచ్చు. వాళ్ళ మాస్టారు చెప్పిన అరగంటలో ఇవి కూడా కలిసే ఉన్నాయేమో ఒకసారి అడగండి. మొదటి రెండు నిమిషాలు మౌత్‌పీస్, దాని కింద తగిలించే పొట్టి గొట్టం బ్యారల్, ఈ రెండు ముక్కలే కలిపి ఊదిస్తే ఇంకా మంచిది. వచ్చేది ఒక్కటే స్వరం. అది వణక్కుండా నిలబడితే ఆ పూటకు మూతి కుదిరినట్టే.

అలసట ఒక్కటే కాదు, కీచుకు రీడ్ కూడా కారణం కావచ్చు. దాని వెనక నంబర్ ఉంటుంది, చూడండి. పెరిగేకొద్దీ రీడ్ గట్టిగా ఉంటుంది. మొదలుపెట్టే పిల్లలకు ఒకటిన్నర గానీ రెండు గానీ సరిపోతుంది. ఇంట్లో పెద్దపిల్లలు వాడి వదిలేసిన 3 నంబర్ పెట్టారనుకోండి, ఆ పిల్ల కొరక్క ఏం చేస్తుంది? అంచు వెంట్రుకంత చిట్లినా కీచే. రెండు మూడు రీడ్లు ఉంచుకుని మార్చి మార్చి వాడించండి.

ఇక వేళ్ళు. రంధ్రం పక్కన సూదిమొనంత సందు మిగిలినా శబ్దం చెడుతుంది. ఆపిన వెంటనే పాప వేళ్ళు చూడండి. మెత్తటి చోట గుండ్రటి అచ్చు పూర్తిగా పడితే రంధ్రం మూసుకుంటున్నట్టే. సగం చందమామలా ఉంటే ఆ వేలే దొంగ. ఎక్కువసార్లు ఉంగరపు వేలే దొరుకుతుంది. పిల్లలకు ఈ పరీక్ష మహా సరదా.

మీకు సంగీతం రాకపోవడం నన్నడిగితే మంచిదే. వచ్చిన తల్లిదండ్రులు ప్రతి తప్పుకూ ‘మళ్ళీ’ అంటారు. మీరు ఓ అద్దం తెచ్చి ఎదురుగా పెట్టండి. బుగ్గలు ఉబ్బుతున్నాయా, భుజాలు లేస్తున్నాయా అన్నది పాపే చూసుకుంటుంది. ఒకే స్వరం మూడుసార్లు ఊదించి, ఏది బాగుందో తననే చెప్పమనండి. మీకు మూడూ ఒకేలా వినిపించినా ఫర్వాలేదు.

అయ్యాక రీడ్ విప్పి తుడిచి దాని డబ్బాలో పెట్టడం, గొట్టంలోంచి గుడ్డ లాగి తడి తీయడం పాప చేతే చేయించండి. తీపి తిని వస్తే ముందు నోరు పుక్కిలించాలి.

ప్రశ్న: మా బాబు ఫ్లూట్ ఊదుతుంటే తల తిరుగుతోంది అంటున్నాడు. ప్రమాదమా?
– ఒక తండ్రి

జవాబు: కొత్తలో చాలామంది పిల్లలు ఈ మాటే అంటారండీ. క్లారినెట్‌లోలా రీడ్ అడ్డు ఉండదు కాబట్టి గాలి ధారాళంగా పోతుంది. శబ్దం రాలేదని పిల్లాడు ఇంకా గట్టిగా, గబగబా ఊదుతాడు. దాంతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతుంది. వెంటనే ఆపి కూర్చోబెట్టండి, మామూలుగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. పెదవుల మధ్య సందు సన్నం చేయమనండి, గాలి తక్కువ ఖర్చవుతుంది. కొన్నాళ్ళు కూర్చునే వాయించనివ్వండి. ఊదనప్పుడు కూడా తిరుగుతోందంటే మాత్రం డాక్టరుకు చూపించండి.