పెద్దపిల్లను పంతులమ్మను చేయకు

దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

బిడ్డా,

జూన్ నుంచి ముగ్గురు పిల్లల్నీ బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకుంటానని నువ్వంటున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో, ఫోన్ పెట్టేశాక అంత గుబులూ పట్టుకుంది. ఒక్క పిల్లకైతే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. నీకున్నది ముగ్గురు, మూడు వయసులు: 12, 8, 5. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు కాగితాల పని ముగించు. బడి నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ప్రోగ్రెస్ కార్డుల నకళ్ళు తెచ్చుకో. జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకో. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించు, పరీక్ష ఫీజు కట్టే వారంలో దిద్దడం ఎవరి తరమూ కాదు. పెద్దదానికి 14 నిండితే ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేర్చొచ్చు. కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ఉంది, మన తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో కనీసం అయిదు సబ్జెక్టులు రాయాలి. సైన్సుకే కాదు, లెక్కలకు కూడా ప్రాక్టికల్స్ ఉంటాయి, అది చాలామంది చివరి నెలలో గానీ చూసుకోరు. ఒకసారి చేరితే అయిదేళ్ళ గడువు ఉంటుంది కాబట్టి తొందరపడి అన్నీ ఒకే విడతలో రాయించకు. మధ్యలో మనసు మారినా దిగులు లేదు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి.

పుస్తకాలకు డబ్బు తగలేయకు. మన రాష్ట్ర ప్రభుత్వం వేసే ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలే చాలు, ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వేసినవి తీసుకో. నడిపోడు తెలుగు పేజీ చదివి ఇంగ్లిష్ పేజీలో అదే మాట ఎక్కడుందో వెతికితే రెండు భాషలూ ఒక్క కూర్చోవడంలో అవుతాయి.

టైం సంగతి. బడిలాగా పొద్దున ఎనిమిదిన్నర నుంచి మూడున్నర దాకా కూర్చోబెట్టకు. బడిలో హాజరుకు, అసెంబ్లీకి, తరగతి మారడానికి, నలభై మంది సద్దుమణగడానికే సగం పొద్దు పోతుంది. ఇంట్లో అవేవీ ఉండవు. చిన్నదానికి 15 నిమిషాల చొప్పున రెండు విడతలు, నడిపోడికి 25 నిమిషాల చొప్పున రెండు, పెద్దదానికి 40 నిమిషాలవి రెండు చాలు. ఆ 40 నిమిషాలు మాత్రం నువ్వు ఎదురుగా కూర్చోవాలి, చేతిలో ఫోన్ ఉండకూడదు, పొయ్యి మీద కుక్కర్ ఉండకూడదు. లెక్కలు, చదవడం, రాయడం ఎవరివి వాళ్ళకు విడిగా చెప్పు. సైన్సు, సోషల్, కథలు, పద్యాలు ముగ్గురికీ కలిపి చెప్పు. ముగ్గురికి మూడు సైన్సు పాఠాలు పెట్టుకున్న తల్లులు దసరా నాటికి అలసిపోతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. జాగ్రత్తగా చదువు.

పదిహేను రోజులు బాగానే జరుగుతుంది. పదహారో రోజున చిన్నది ఏడుస్తుంది, నడిపోడు పుస్తకం విసిరేస్తాడు, పొయ్యి మీద పప్పు అడుగంటుతుంది. అప్పుడు నీ నోట ఒక మాట వస్తుంది. "నువ్వు కాస్త చెల్లిని చూడమ్మా, పెద్దదానివి కదా." ఆ పిల్ల బంగారం, చూస్తుంది. మర్నాడు కూడా చూస్తుంది. నెల తిరిగేసరికి ఇంట్లో ఇద్దరు పంతులమ్మలు, ఇద్దరు పిల్లలు మిగులుతారు. పెద్దదాని చదువు ఆగిపోయినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే పొద్దంతా అది పుస్తకాల మధ్యే కనిపిస్తుంది.

ఇది ఈనాటి తప్పు కాదు. ఒకే పంతులున్న బళ్ళలో తరతరాలుగా అయిదో తరగతి తెలివైన పిల్లను ఒకటో తరగతి ముందు నిలబెడుతూనే ఉన్నారు. 1790ల్లో మద్రాసులో ఆండ్రూ బెల్ అనే దొర మన వీధి బడుల్లో పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించడం చూసి, దాన్నే ఒక పద్ధతిగా రాసి ఇంగ్లండు దాకా తీసుకెళ్ళాడు. ఖర్చు తక్కువ కాబట్టి అందరికీ నచ్చింది. వందల మందికి ఒక్క పంతులున్న చోట వేరే దారి లేకపోయి ఉండొచ్చు. నీ ఇంట్లో ఉన్నది ముగ్గురే.

చిన్నవాళ్ళకైనా లాభమా అంటే అదీ లేదు. పన్నెండేళ్ళ పిల్లకు పాఠం వచ్చు గానీ తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం రాదు. నడిపోడు 52లోంచి 27 తీసి 35 అని రాస్తాడు చూడు. వాడు అజాగ్రత్తగా చేశాడనుకోకు. 7లోంచి 2 తీశాడు, 5లోంచి 2 తీశాడు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న సూత్రం వాడికి వాడే కట్టుకున్నాడు. అక్క ఏం చేస్తుంది? "పక్కన అప్పు తెచ్చుకోరా" అని తానే 25 రాసిచ్చేస్తుంది. వాడి సూత్రం వాడి దగ్గరే ఉండిపోతుంది, రేపు 63లోంచి 38 తీసినప్పుడు మళ్ళీ 35 వస్తుంది. నువ్వైతే చీపురు పుల్లలు తెంపి పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి, అయిదు కట్టలూ రెండు విడి పుల్లలూ వాడి ముందు పెట్టాలి. "ఏడు పుల్లలు తీసివ్వు" అనాలి. వాడి దగ్గర విడివి రెండే ఉంటాయి. వాడంతట వాడు ఒక కట్ట విప్పేదాకా నువ్వు నోరు మెదపకూడదు. ఆ ఊరుకోవడం పిల్లలకు రాదు, పెద్దవాళ్ళకే కష్టం. చిన్నది "బ... ల..." అని ఆగగానే అక్క "బలపం" అనేస్తుంది. నువ్వు మనసులో అయిదు లెక్కపెట్టుకుని ఆగు, "పం" దానంతట అదే వస్తుంది.

పెద్దదాని చదువు జారుతోందా లేదా అన్నది దాన్ని అడిగితే తెలియదు, బాగానే ఉందంటుంది. ప్రతి శనివారం దాని లెక్కల నోటుబుక్కు తీసి చూడు. పైన తేదీ ఉండి, కింద సగం లెక్క ఉండి, ఆ కింద చిన్నదాని క్రేయాన్ గీతలుంటే సంగతి అర్థం చేసుకో. ఇంకో గుర్తు చెప్తాను. చిన్నవాళ్ళకు సందేహం వస్తే నీ దగ్గరికి కాకుండా అక్క దగ్గరికి పరుగెత్తుతున్నారంటే, ఆ పని నువ్వు దాని చేతిలో పెట్టేశావన్నమాట.

మీ అమ్మ మా ఇంటికి పెద్దది. మా అందరి చేతా పలకల మీద దిద్దించింది ఆమే. మా చదువులన్నీ ముందుకు నడిచాయి, ఆమెది పదో తరగతితో ఆగింది. ఆమె ఎన్నడూ అనలేదు, అనదు కూడా. అందుకే నేను రాస్తున్నాను.

పొద్దున మొదట చిన్నదాని దగ్గర కూర్చో. దాని వంతు ముందైతే తర్వాత గంటసేపు అది నీ కొంగు వదులుతుంది. చాలామంది చిన్నది ఆడుకుంటోంది కదా అని పెద్దవాళ్ళతో మొదలుపెడతారు, పది నిమిషాలకే ఒళ్ళోకి వచ్చి కూర్చుంటుంది. తర్వాత నడిపోడి లెక్కలు. ఆ సేపు పెద్దది సొంతంగా చదువుకుంటుంది, మధ్యలో దాన్ని పిలవకు. ఆపైన పెద్దదాని 40 నిమిషాలు. అప్పుడు నడిపోడికి చూసిరాత ఇవ్వు. చిన్నదానికి ఒక పెట్టె పెట్టు, అందులో చింతపిక్కలు, గవ్వలు, దారం, పెద్ద పూసలు, మట్టిముద్ద వెయ్యి. ఆ పెట్టె ఆ 40 నిమిషాలే బయటికి రావాలి, మిగతా పొద్దంతా బీరువా మీద ఉండాలి, లేకపోతే మూడో రోజుకే మోజు తీరిపోతుంది. గింజలు ముక్కులో దూర్చుకునే అలవాటు ఇంకా పోకపోతే చింతపిక్కలు తీసెయ్.

పెద్దది తనకై తాను చెల్లికి కథ చదివి వినిపిస్తానంటే వద్దనకు, అది ముచ్చట. పాఠం చెప్పే బాధ్యత మాత్రం దానిది కాకూడదు.

ముగ్గురూ ఒకే చోట కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకోవడానికి కాలాలను మించింది లేదు. జూన్‌లో వానను కొలిపించు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకో, పక్కలు నిటారుగా ఉండాలి, నడుము నొక్కున్నది పనికిరాదు. మెడ దగ్గర ఒంపు మొదలయ్యే చోట కోసి పై ముక్కను తలకిందులుగా గరాటులా పెట్టు. గాలికి పడకుండా అడుగున గులకరాళ్ళు వేసి, నిటారు భాగం మొదలయ్యేదాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత గీయించు. అడుగు గుంటలుగా ఉంటుంది కాబట్టి ఈ సున్నా లేకపోతే లెక్కంతా తప్పుతుంది. గీత నుంచి పైకి మిల్లీమీటర్ల స్కేలు అతికించు. మిద్దె మీద పిట్టగోడ ఎత్తుకు రెండింతలైనా దూరంలో పెట్టు, గోడ పక్కన పెడితే సగం వాన అందదు. రోజూ పొద్దున 8:30కి చూడండి, వాతావరణ శాఖ వాళ్ళు చూసేదీ అప్పుడే. చూశాక నీళ్ళు సున్నా గీతకు తేవాలి. వాన లేని రోజు ఎండకు నీళ్ళు తగ్గుతాయి, అప్పుడు కాసిని పోయాలి. ఇది మరిచిపోతే మరునాటి వాన తక్కువ చూపిస్తుంది.

చిన్నది క్యాలెండర్‌లో ఆ రోజుకు మబ్బో సూర్యుడో గీస్తుంది. నడిపోడు మిల్లీమీటర్లు రాసి వారానికి కూడతాడు. పెద్దదానికి అసలు లెక్క: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మీ మిద్దె 120 గజాలంటే దాదాపు 100 చదరపు మీటర్లు. 30 మిల్లీమీటర్ల వానకు 3000 లీటర్లు. అవన్నీ ఎటు పోతున్నాయో అడుగు, వీధి కాలువ దాకా దాన్నే వెతకనివ్వు. అక్కడి నుంచి 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద కథ ముగ్గురికీ కలిపి చెప్పు, ఆ వరద వల్లనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయని చెప్పి ఒక ఆదివారం గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్ కట్ట మీదికి తీసుకెళ్ళు.

బతుకమ్మకు తంగేడు, గునుగు ఊరి చివర ఖాళీ జాగాల్లో కోయించు, బంతిపూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కొను. చిన్నది రంగుల వారీగా ఏరుతుంది. నడిపోడు తాంబాళం చుట్టూ దారం చుట్టి, అదే దారంతో అడ్డంగా కొలిస్తే మూడు సార్లు వచ్చి కాస్త మిగులుతుంది. పళ్ళెం మారినా, గిన్నె మూతైనా అంతే వస్తుంది. ఎందుకో అప్పుడే చెప్పెయ్యకు. పెద్దది ఒక్కో వరుసకు చుట్టుకొలత ఎంత తగ్గితే పైన గౌరమ్మ నిలబడేంత చోటు మిగులుతుందో లెక్కేస్తుంది. సద్దుల నాడు దాన్ని వంటింట్లో సత్తుపిండి కలపడానికి పిలిచి, ఈ లెక్క సగంలో వదిలేయించకు. సత్తుపిండి నడిపోడు కూడా కలపగలడు, వాడికి నేర్పు.

సంక్రాంతికి ముగ్గులు. సందు చుక్కల ముగ్గు 7 నుంచి 1 దాకా పెడితే మధ్యలో 7, పైకి 6, 5, 4, 3, 2, 1, కిందికీ అంతే. చుక్కలన్నీ కలిపితే 49, అంటే ఏడు ఏడులు. నడిపోడిని 5తో, 9తో పెట్టి లెక్కపెట్టమను, పెద్దదాన్ని 15కు చుక్క పెట్టకుండానే చెప్పమను. అదే నెల నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో ఉంటుంది. మామూలు పనిరోజున సాయంత్రం గేట్లు తీయగానే వెళ్తే నడవగలరు. సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్ళండి.

మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12:12కి సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. స్టీలు గ్లాసు బోర్లిస్తే నీడ కనబడదు. ఆగస్టు మొదటి వారంలో 12:22 దగ్గర మళ్ళీ అలాగే అవుతుంది. అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు కూడా చూడండి. గోడ పక్కన కాకుండా నేల సమంగా ఉన్న చోట పెట్టండి, టోపీలు మరవకండి. సూర్యుడి వైపు నేరుగా ఎవరూ చూడకూడదని చిన్నదానికి ముందే గట్టిగా చెప్పు.

నువ్వు ఒక్కదానివే చేస్తావని నాకు తెలుసు, చెయ్యగలవు కూడా. అయినా మంగళవారం, శుక్రవారం పొద్దున నేను వస్తాను. ఇక్కడి నుంచి మియాపూర్‌కి మెట్రో ఒకటే లైను, మారే పని లేదు. ఆ రెండు గంటలు చిన్నదీ నడిపోడూ నా దగ్గర ఉంటారు. నువ్వూ పెద్దదీ లోపలి గదిలో తలుపు వేసుకుని కూర్చోండి. బీజగణితం మొదలుపెట్టే వారం మాత్రం ముందే చెప్పు, ఆ వారమంతా వస్తాను.

ఆశీస్సులతో,
మీ చిన్నమ్మ