అమెరికాలో పెద్దలకు ప్రభుత్వ భోజనం: ఎవరు అర్హులు?

ప్రశ్న: న్యూజెర్సీలో మాతో ఉంటున్న మా నాన్నగారికి 66 ఏళ్లు, అమ్మకు 58. ఇద్దరూ అమెరికా పౌరులే, శాకాహారులు. వృద్ధుల కేంద్రంలో ప్రభుత్వ నిధులతో పెట్టే మధ్యాహ్న భోజనానికి వారు వెళ్లవచ్చా? మా ఆదాయం అడ్డవుతుందా?

జవాబు: నిస్సంకోచంగా వెళ్లవచ్చు. 1965 నాటి వృద్ధ అమెరికన్ల చట్టం కింద నడిచే ఈ కార్యక్రమానికి 60 ఏళ్లు నిండినవారు అర్హులు. వారి జీవిత భాగస్వామికి వయోపరిమితి లేదు కనుక అమ్మగారూ వెళ్లవచ్చు. ఆదాయాన్ని బట్టి ఎవరినీ కాదనకూడదు. విరాళం అడగవచ్చు గానీ, ఇవ్వలేదన్న కారణంతో భోజనం నిరాకరించకూడదు. ఎవరెంత ఇచ్చారన్నది గోప్యంగా ఉంచాలి.

రోజుకు ఒక పూట పెట్టేచోట, ఆ భోజనం పెద్దవారికి రోజూ కావలసిన పోషకాలలో కనీసం మూడో వంతు అందించాలని, సమాఖ్య ఆహార మార్గదర్శకాలను అనుసరించాలని చట్టం నిర్దేశిస్తోంది. మత, సాంస్కృతిక అలవాట్లకు తగిన ఆహారం ఇవ్వాలన్న మాటా అందులో ఉంది. అయితే అది వీలైనంతవరకే కాబట్టి, శాకాహారం కావాలని ముందుగానే, రాతపూర్వకంగా అడగడం మేలని నా అభిప్రాయం; మన పెద్దవారు మొహమాటపడి అర్ధాకలితో తిరిగి రావడం ఎంతమాత్రం తగదు. ఇల్లు కదలలేనివారికి భోజనం ఇంటికే పంపే విభాగం వేరుగా ఉంది. మీ కౌంటీలోని వృద్ధుల సేవల కార్యాలయాన్ని సంప్రదిస్తే దగ్గరి కేంద్రం వివరాలు, పేరు నమోదు పద్ధతి చెబుతారు.